నీ మూడు గడుల నోటుబుక్కు గురించి

అమ్మాయీ,

క్రాకోవ్ నుంచి నువ్వు పంపిన నోటుబుక్కు ఫొటోలన్నీ చూశాను. ఎడమ గడిలో ఇంగ్లీషు మాట, మధ్యలో పోలిష్ మాట, కుడివైపు పెన్సిలుతో నీ తెలుగు. రోమన్ సెనేటు, కాన్సులు దగ్గర మొదలై పోపు, కార్డినల్, జపమాల దాకా వచ్చింది. నువ్వు అద్దెకుంటున్న ఇంటి పెద్దావిడ చెప్పే చిన్ననాటి కబుర్లను తెలుగులో కథలుగా రాయాలనుకుంటున్నానని, అందుకే ముందు మాటలు కూడబెట్టుకుంటున్నానని రాశావు. మంచి పని. కానీ నాలుగో పేజీలో ఒక వరస దగ్గర ఆగిపోయాను. దాని కోసమే ఈ ఉత్తరం.

పోలిష్ గడిలో ‘ఓత్‌పుస్త్’. ఇంగ్లీషు గడిలో ‘ఇండల్జెన్స్’. నువ్వు రాసిన తెలుగు ‘పాపశిక్ష మన్నింపు’. నిఘంటువు ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఆ మాటకు మూలం మన్నించడమే. పరలోక జపంలో మా అప్పులు మన్నించమని అడిగే చోట పోలిష్‌వాళ్ల నోట వచ్చేది ఆ క్రియే. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ చర్చితో గొడవకు దిగిందీ ఈ మన్నింపుల అమ్మకం మీదే. అంతవరకు సరే. మరి ఆ పక్క పేజీలో పెద్దావిడ మాటగా నువ్వు రాసుకున్న వాక్యం చూడు: ‘ఏడేళ్లప్పుడు పాపశిక్ష మన్నింపులో మా నాన్న నాకు తేనె రొట్టె కొనిపెట్టాడు.’

ఆవిడ చెప్పింది తిరునాళ్ల గురించి తల్లీ! ఊరి చర్చి ఏ పునీతుడి పేరున వెలిసిందో ఆ పునీతుడి పండుగనాడు పాపసంకీర్తనం చేసి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని, పూజలో సత్ప్రసాదం తీసుకుంటే ఆ మన్నింపు దొరుకుతుందని చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. జనం వచ్చిన చోటికి అంగళ్లు వస్తాయి. తేనె, మసాలా దినుసులు కలిపి గుండె ఆకారంలో కాల్చి, పైన చక్కెరతో పేర్లు రాసిన రొట్టెలు, దారానికి గుచ్చిన చిన్న చిన్న గుండ్రటి రొట్టెలు, పిల్లలు పేల్చే బొమ్మ తుపాకులు. రానురాను ఆ సంతకే ‘ఓత్‌పుస్త్’ అన్న పేరు స్థిరపడింది. ఇంగ్లీషు మాటలో ఈ రెండో అర్థం లేదు, ఆ దారిన వెళ్తే నీకు అంగడి కనపడదు. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లు చూసినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు, మొక్కూ కనపడుతుంది, గాజుల కొట్టూ కనపడుతుంది. పోలిష్ నుంచి నేరుగా తెలుగులోకి నడిచి వచ్చే దారి ఉన్నప్పుడు ఇంగ్లీషు వంతెన ఎక్కకు. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మిగతావన్నీ దీని వెంట వచ్చేవే.

నన్ను ‘మాస్టారూ’ అని పిలుస్తావు గనక నా తప్పు కూడా చెప్పాలి. నలభై ఏళ్ల కిందట ఒక అనువాదంలో ‘ప్రీస్ట్’ అన్న ప్రతిచోటా ‘పూజారి’ అని రాసుకుంటూ పోయాను. పుస్తకం వచ్చాక ఫిరంగిపురం నుంచి ఒక రిటైర్డ్ టీచరు కార్డు రాశారు. ‘అయ్యా, మేం మా గురువులను పూజారులు అనం. మీరు మా ఇంటి కథను వాకిట్లో నిలబడి రాశారు’ అని. ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది. ఆ తరవాతే ఒక చర్చి పరిధికి విచారణ, బిషప్పు ఏలుబడికి మేత్రాసనం, బిషప్పుకు పీఠాధిపతి, నన్‌కు మఠకన్య, మాస్‌కు దివ్యబలిపూజ అన్న మాటలు ఒక్కొక్కటీ వాళ్ల నోట విని నేర్చుకున్నాను. తెలుగు కతోలికులు తరతరాలుగా వాడుకుంటున్న మాటలవి. వాటిని పక్కన పెట్టి కొత్తవి అల్లే హక్కు మనకు లేదు.

పోలిష్‌లో ఈ తేడా ఇంకా గట్టిగా ఉంటుంది. రోమన్ దేవుడు జూపిటర్ గుడిలో బలి ఇచ్చేవాడు ‘కప్వాన్’. ఊరి చర్చిలో పూజ చేసే ఆయన ‘క్ష్యోంత్స్’. కప్వాన్ అన్నది కతోలిక గురువుకూ చెల్లుతుంది గానీ, జూపిటర్ గుడివాణ్ణి క్ష్యోంత్స్ అంటే ఏ పోలిష్ పిల్లవాడైనా తల ఎగరేసి చూస్తాడు. ఆ క్ష్యోంత్స్ అన్న మాటకు ఒకప్పుడు పాలకుడని అర్థం. రాకుమారుణ్ణి పిలిచే ‘క్ష్యోంజె’ దాని తోబుట్టువే. ఇంగ్లీషు ‘ప్రీస్ట్’ ఈ ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెడుతుంది. తెలుగులో నువ్వు విడదీయగలవు: అక్కడ పూజారి, ఇక్కడ గురువు. ఇంట్లోవాళ్లు మాట్లాడుకుంటుంటే ‘ఫాదర్ గారు’.

‘వికారి’ని కూడా దిద్దుకో. ఇంగ్లండు కథల్లో వికార్ అంటే ఆ విచారణకు పెద్ద. పోలండులో వికారి పెద్ద గురువు కింద పనిచేసే సహాయక గురువు, తరచుగా కుర్రవాడు. ఈ రెండు మాటలకూ తల్లి లాటిన్ ‘వికారియుస్’, ప్రతినిధి అని. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ సామ్రాజ్యాన్ని డయోసీసులనే 12 పాలనా విభాగాలుగా విభజించినప్పుడు వాటి మీద కూర్చున్న అధికారులు వీళ్లే. చర్చి ఆ పాలనా పదాలను అలాగే తీసుకుంది. రోమ్ చరిత్ర, కతోలిక మతం నీ నోటుబుక్కులో పక్కపక్కన పడటం కాకతాళీయం కాదు. 966లో పోలిష్ పాలకుడు మియెష్కో బాప్తిస్మం తీసుకున్నాక పోలండులోకి లాటిన్ చర్చి గుమ్మంలోంచి వచ్చింది. అందుకే అక్కడ రోమన్ సైనికుడి మాట వంటింట్లో వినపడుతుంది.

నమ్మకపోతే ‘విగీల్యా’ చూడు. రోమన్ దండులో రాత్రిని నాలుగు జాములుగా విభజించి కాపలా కాసేవాళ్లు. ఆ జామే ‘విగిలియా’. ఇప్పుడు అదే మాట పోలండులో డిసెంబరు 24 రాత్రికి పేరు. పిల్లలు కిటికీ దగ్గర మొదటి చుక్క కోసం చూస్తుంటారు. బల్లగుడ్డ కింద గుప్పెడు ఎండుగడ్డి. మాంసం వండరు. అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక కంచం ఖాళీగా ఉంచుతారు. పలచటి తెల్ల అప్పాన్ని ఒకరిది ఒకరు విరుచుకుని తిన్నాకే భోజనం. నువ్వు దీనికి ‘క్రిస్మస్ ముందురోజు’ అని రాశావు. ఇందులో జామూ లేదు, చుక్కా లేదు. ‘జాగారం’ అని రాద్దామా అని నేనూ చాలాసేపు తటపటాయించాను. ఉపవాసం, మేలుకోవడం రెండూ కలిసొస్తాయి గానీ చదివేవాడి మనసు శివరాత్రికి వెళ్లిపోతుంది. నా సలహా, ‘విగీల్యా’నే ఉంచు. ఆ ఖాళీ కంచం చూపిస్తే చాలు, అర్థం విడిగా చెప్పనక్కర్లేదు.

నెలల పేర్ల దగ్గర ఇంకో సంగతి. జూలియస్ సీజర్ పేరున జూలై, అగస్టస్ పేరున ఆగస్టు వచ్చాయని ఇంగ్లీషులోనూ మనకూ వినగానే తెలుస్తుంది. పోలిష్‌లో జూలై ‘లీపియెత్స్’, లిండెన్ చెట్టు పూసే నెల. ఆగస్టు ‘షెర్పియెన్’, కొడవలి నెల. అక్కడ చక్రవర్తులు లేరు, కోతలే ఉన్నాయి. పెద్దావిడ ‘షెర్పియెన్‌లో అమ్మ పోయింది’ అంటే ఆవిడ చెవిలో కొడవలి చప్పుడు ఉండి ఉంటుంది. ‘ఆగస్టులో’ అని రాసి ఊరుకోకు. ‘కోతల రోజుల్లో’ అని చూడు.

పేర్లకు వస్తే, నెరోన్, త్సిత్సెరోన్, యోవిష్ అని పోలిష్ రూపాలు దించుకున్నావు. నీరో, సిసిరో, జూపిటర్ అనే రాయి. ఒక్కచోట మాత్రం జాగ్రత్త: చరిత్ర పాఠంలో మనవాడు సీజర్, తెలుగు బైబిలులో కైసరు. రోమ్ కూడా అక్కడ రోమా. పెద్దావిడ సువార్త మాట ఎత్తితే ‘కైసరువి కైసరుకు’ అనే రావాలి. యుద్ధాల మాట ఎత్తితే సీజర్ రావాలి.

ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిప్పితే పోలిష్‌వాళ్లు ‘అన్నాష్ దగ్గర్నుంచి కయ్‌ఫాష్ దగ్గరికి పంపారు’ అంటారు. క్రీస్తును పట్టుకున్న రాత్రి ఆ ఇద్దరు యూదు ప్రధాన యాజకుల మధ్య తిప్పిన సంగతి అది. తెలుగు బైబిలులో వాళ్లు అన్న, కయప. ‘అన్న దగ్గర్నుంచి’ అని రాస్తే మనవాళ్లు అన్నయ్య అనుకుంటారు. ‘క్రీస్తును తిప్పినట్టు అన్నా కయపల మధ్య తిప్పారు’ అంటే సరిపోతుందనుకుంటాను. నువ్వు గట్టిగా చదివి చెప్పు.

ఈస్టర్ తరవాతి సోమవారం మీ ఊళ్లోనే, జ్వెజినియెత్స్ పేటలో ఎమావుస్ తిరునాళ్లు జరుగుతాయి. పెద్దావిడ నడవగలిగితే ఆవిణ్ణి తీసుకెళ్లు. నోటుబుక్కు ఇంట్లో పెట్టేసి వెళ్లు. ఏ అంగడి ముందు ఆవిడ ఆగిందో, ఏం కొనుక్కుందో, ఎవరితో బేరమాడిందో ఆ రాత్రే తెలుగులో ఒక పేజీ రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు