తెలియని పేరు కనబడితే

అమ్మీ,

నీ షాపు కంప్యూటర్‌లో నడుస్తున్నాయని రాత్రి నువ్వు ఫోన్‌లో చదివిన మూడు ప్రోగ్రాముల పేర్లూ కాగితం మీద రాసుకున్నా. షాపు తెరిచి రెండు నెలలు కాలేదు, అప్పుడే మిషన్ నత్త మాదిరి నడుస్తుంటే ఎవరికైనా దిగులే. అయినా తెలియని పేరు కనబడగానే ‘ఎండ్ టాస్క్’ కొట్టి దాన్ని ఆపెయ్యాకు.

వీధిలో కొత్త మనిషి కనబడితే ‘ఏ ఊరప్పా, ఎవరింటికొచ్చినావు’ అని అడుగుతాం కదా, ఇక్కడా అంతే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపించే టాస్క్ మేనేజర్ వస్తుంది. అనుమానమున్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కు. దాని ఇల్లెక్కడో తెలుస్తుంది.

నీ మొదటి పేరు, ఎస్‌వీసీహోస్ట్. అన్నిసార్లు కనబడడం మామూలే. విండోస్ తన సర్వీసులను, అంటే తెర వెనక నడిచే పనులను, దాని చేతే నడిపిస్తుంది. ర్యామ్ మూడున్నర జీబీ దాటిన విండోస్ 10 మిషన్లలో 2017 నుంచి చాలా సర్వీసులకు దేనికది విడిగా ఒక ఎస్‌వీసీహోస్ట్ పెట్టినారు, అందుకే అంత పొడుగు జాబితా. దాని ఇల్లు విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32. అదే పేరు యాప్‌డేటా ఫోల్డరులోనో టెంప్ ఫోల్డరులోనో కాపురముంటే దొంగే. స్పెల్లింగు కూడా చూడు, ‘వీ’, ‘సీ’ తారుమారు చేసి మోసం చేస్తారు.

రెండోది, యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్. అది విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, మన డిఫెండరే. స్కాన్ చేసేటప్పుడు బరువుగా ఉంటుంది, గంట ఆగి చూడు.

ఒకసారి నేనూ తొందరపడినా. కడపలో ఒక జిరాక్స్ షాపులో మిషన్ తేలికవుతుందని, ప్రింటరుకు పనులు పంపే ప్రింట్ స్పూలర్‌ను డిసేబుల్ చేసి వచ్చేసినా. మర్నాడు హాల్‌టికెట్లకు పిల్లలు వరస కట్టినారు, ప్రింటరు కదల్లేదు. వాళ్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి. ఎల్‌ఎస్‌ఏఎస్‌ఎస్, సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ లాంటి విండోస్ సొంత ప్రోగ్రాములైతే ఇంకా ముఖ్యం, వాటిని ఆపితే మిషనే పడిపోతుంది.

మూడోది, డబ్ల్యూస్క్రిప్ట్. నా భయమంతా దీని గురించే. స్క్రిప్టులను, అంటే ఆదేశాలు రాసిన చిన్న ఫైళ్లను, నడిపేది ఇది. ఇదీ విండోస్ సొంతదే, సిస్టమ్32లోనే ఉంటుంది. ఊరూ పేరూ సరిగ్గానే ఉంటాయి, చేతిలో ఏముందో, అంటే ఏ ఫైలును నడుపుతోందో చూడాల. డీటెయిల్స్ ట్యాబ్‌లో పై వరస మీద రైట్ క్లిక్ చేసి, ‘సెలెక్ట్ కాలమ్స్’లో కమాండ్ లైన్‌కు టిక్ పెట్టు. వీబీఎస్‌తో ముగిసే, నువ్వు ఎరగని స్క్రిప్టు ఫైలు ఏదైనా అక్కడ కనబడితే అది ప్రింటుకని ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవు నుంచి దిగి ఉంటుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిన పెన్‌డ్రైవు ఏదైనా వచ్చిందేమో గుర్తు తెచ్చుకో. ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, వెనక దాగిన స్క్రిప్టు మొదలవుతుంది.

అదే అయితే ముందు నెట్ వైరు పీకెయ్. ఫైలు ఎక్కడుందో రాసుకో, ఆ తర్వాతే ఎండ్ టాస్క్. ఊరికే ఆపితే రీస్టార్ట్ చేసినప్పుడు మళ్లీ లేస్తుంది. ఎక్కడి నుంచి లేస్తోందో ‘ఆటోరన్స్’ అనే ప్రోగ్రాము చూపిస్తుంది, అక్కడ టిక్ తీసెయ్యాల. దాని తోడుది, నడుస్తున్న ప్రోగ్రాములను ఇంకా వివరంగా చూపించే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్. రెండూ మార్క్ రుసినోవిచ్ బృందం చేసినవి. 2006లో వాళ్ల కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఆ రెండూ ఇప్పటికీ ఉచితమే. నెట్ ఉన్న నీ రెండో మిషన్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకో, వేరే చోట వద్దు. చివరగా, విండోస్ లేవకముందే వెతికే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు, పావుగంట పడుతుంది.

అనుమానమున్న ఫైలును వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటులో వేసి చూడొచ్చు, డజన్ల యాంటీవైరస్‌లు ఒకేసారి చూస్తాయి. జనం ఇచ్చిన ఆధార్, పాస్‌బుక్ కాగితాలు మాత్రం అందులో వేయాకు తల్లీ. అక్కడ వేసింది వేరేవాళ్ల చేతికీ పోతుంది.

శనివారం పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు వస్తా. అంతవరకు ఆ మిషన్‌లో ఎవరి బ్యాంకు పనీ చేయాకు, ఎవరి ఓటీపీ కొట్టాకు. రెండోదానితోనే నెట్టుకురా.

మీ మామ