వావిలాకు సారం మోకాళ్ల వాపుకు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బి.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ప్రాజెక్టు కోసం మా పెరటి వావిలాకును మిథనాల్‌లో నానబెట్టి సారం తీసి, కోడిగుడ్డు తెల్లసొనతో పరీక్షిస్తే, వాపును అరికట్టే గుణం బాగా కనిపించిందట. మోకాళ్ల వాపుతో బాధపడే మా అత్తగారికి మాత్రలు మాన్పించి ఆ సారమే ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: దయచేసి ఇవ్వకండి. మిథనాల్ విషం, దాన్ని పూర్తిగా ఆవిరి చేశామనుకున్నా, సారంలో ఎంత మిగిలిందో కొలవకుండా ఎవరి నోటికీ అందించకూడదు.

మీ అబ్బాయి చేసిన పని విలువైనదే. తెల్లసొనలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ వేడికి విరిగి ద్రావణం మసకబారుతుంది. సారం కలిపినప్పుడు ఆ మసక ఎంత తగ్గిందో, వాపు, నొప్పి తగ్గించే మందైన డైక్లోఫెనాక్‌తో పోల్చి చూస్తారు. అయితే ఈ మసకను సాధారణంగా 660 నానోమీటర్ల కాంతి వద్ద కొలుస్తారు, ఆకులోని పత్రహరితం కాంతిని బాగా పీల్చుకునేదీ ఇంచుమించు అక్కడే. అందుచేత తెల్లసొన కలపని సారాన్ని విడిగా కొలిచి ఆ అంకెను తీసివేశాడో లేదో అబ్బాయిని అడగండి. మన సముద్రపు గాలి తేమకు ఆకు త్వరగా బూజు పడుతుంది కనుక, నీడన పలుచగా పరచి, నలిపితే పెళపెళమని విరిగేదాకా ఆరబెట్టడం కూడా ముఖ్యం.

ఈ పరీక్షలో శరీరమంటూ లేదు. అందుకే తరువాతి మెట్టుగా, జంతు నైతిక సంఘం అనుమతితో, ఎరుపు రంగు సముద్రపు నాచు నుంచి తీసే, వాపు పుట్టించే కారాజీనన్ 1 శాతం ద్రావణాన్ని, సారం ముందే ఇచ్చిన ఎలుక వెనుక పాదంలోకి 0.1 మిల్లీలీటరు ఎక్కించి, గంటగంటకూ వాపు కొలుస్తారు. 1962లో వెలువడిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. మొదటి గంట వాపు ప్రధానంగా శరీరం విడుదల చేసే రసాయనాలైన హిస్టమిన్, సెరటోనిన్‌ల వల్ల, మూడో గంట నాటిది ప్రోస్టాగ్లాండిన్లనే మరికొన్నిటి వల్ల వస్తుంది. డైక్లోఫెనాక్ అణచేది ఈ రెండోదాన్నే కనుక, సారం ఏ గంటలో పనిచేసిందన్నదే నా దృష్టిలో అసలు సమాచారం. అది తేలినా, మనిషికి తగిన మోతాదు, కాలేయానికీ మూత్రపిండాలకూ హాని లేదన్న నిర్ధారణ ఇంకా మిగిలే ఉంటాయి.

బాలింతల స్నానానికి వాడినట్టే వావిలాకు కాచిన నీళ్లతో అత్తగారి మోకాళ్లకు కాపడం పెట్టవచ్చు. గుడ్డ వేడిని ముందుగా మీ ముంజేతిపై చూసుకోండి. మోకాలు ఎర్రబడి జ్వరం కూడా ఉంటే కాపడం మాని వెంటనే డాక్టరుకు చూపించండి.