కట్టేసిన ఇంటికి ప్లానెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి మాంట్రియల్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది. పాత డ్రాయింగులు చూడ్డానికి రోజూ లైబ్రరీకి వెళ్తానంటోంది. ఇల్లు కట్టేశాక ఇంకా ప్లాన్లు దాచడం ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, నేను ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. ట్రేసింగ్ పేపరు మీద గీత తప్పితే బ్లేడుతో గీకేవాళ్లం. ఎక్కడ మనసు మార్చుకున్నామో ఆ మచ్చ చెబుతుంది, గోడ చెప్పదు. మా డ్రాయింగులైతే చివరికి తూకానికి వేశారు, అది వేరే సంగతి.

మీ అమ్మాయి ఉన్న ఊళ్లోనే, మెక్‌గిల్ యూనివర్సిటీలో జాన్ బ్లాండ్ పేరిట కెనడా ఆర్కిటెక్టుల డ్రాయింగుల సేకరణ ఉంది. మోషే సఫ్దీవి అక్కడే ఉన్నాయి. ఆయన అదే యూనివర్సిటీలో చదువుతూ చేసిన థీసిస్సే పెరిగి పెరిగి 1967లో హాబిటాట్ 67 అనే ఇళ్ల సముదాయం అయింది. 354 కాంక్రీటు పెట్టెలు, పిల్లలు పేర్చినట్టు! అదే ఊళ్లో ఫిలిస్ లాంబర్ట్ 1979లో స్థాపించిన కెనడియన్ సెంటర్ ఫర్ ఆర్కిటెక్చర్‌లో పియర్ జెన్నరే కాగితాలున్నాయి. ఆయన కెనడావాడు కాదు గానీ, మన చండీగఢ్ కట్టినవాళ్లలో ఒకడు. ముందు అవి చూడమనండి. పాత కాగితాల మీద సిరా పడకుండా పెన్ను ఇంట్లో వదిలేసి, పెన్సిల్ తీసుకెళ్లమనండి.