పుట్లూరు ప్యాక్‌హౌస్‌లో ఏ నిర్ణయం ఎవరిది?

అనంతపురం

చిరంజీవికి పెద్దనాయన ఆశీస్సులు.

నాయనా, నీ ఉత్తరం చదివాను. పుట్లూరులో అరటికాయలు కడిగి పెట్టెల్లో సర్ది పంపే ప్యాక్‌హౌస్ పెట్టి రెండో సీజన్‌కి వచ్చావు, చాలా సంతోషం. అరటి మార్కెట్ పూటకో రకంగా ఉంటోంది, మనవాళ్లేమో ప్రతి చిన్నదానికీ నాకే ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌తో నిద్ర ఉండట్లేదు అని రాశావు. మార్కెట్‌ని నువ్వు పట్టి ఆపలేవు. ఆ ఫోన్లు మాత్రం తగ్గించగలవు. అవి తగ్గితే మార్కెట్ మారినప్పుడు తట్టుకునే సత్తువ కూడా వస్తుంది.

నీ సరుకు సంగతే చూడు. గెల కోసిన దగ్గర్నుంచి హస్తాలు విడదీయడం, సొన పోయేలా కడగడం, తూకం, పెట్టెల్లో సర్దడం, కోల్డ్ రూమ్‌కి చేర్చడం, ఏదీ ఆగడానికి లేదు. కోల్డ్ రూమ్‌లో 13, 14 డిగ్రీలు ఉండాలి. బాగా తగ్గితే తొక్క నల్లబడుతుంది, బాగా పెరిగితే కాయ దారిలోనే మాగుతుంది. అలాంటి చోట రాత్రి కరెంటు పోతే, జనరేటర్ వేయమంటావా అని సూపర్‌వైజర్ నీకు ఫోన్ చేసి నువ్వు ఎత్తేదాకా కూర్చుంటున్నాడంటే నాకు బాధేసింది. అతనికి పని రాక కాదు. వేస్తే డీజిల్ ఖర్చు గురించి నువ్వేమంటావో అని భయం.

అందుకే ముందు ఏ నిర్ణయం ఎవరిదో తేల్చి, గోడ మీద అందరికీ కనపడేలా రాయించు. జనరేటర్ సంగతి సూపర్‌వైజర్‌ది. ముదిరిన గెలని గేటు దగ్గరే తిప్పి పంపడం గ్రేడింగ్ చూసేవాడిది. కంటైనర్ ఆలస్యమైతే ఎన్ని పెట్టెల వరకు బెంగళూరు మార్కెట్‌కి మళ్లించవచ్చో, ఎంత రేటుకి తగ్గకూడదో డిస్పాచ్ చూసే పిల్లవాడికి ముందే చెప్పు. ఆ హద్దు దాటితేనే నీకు ఫోన్ రావాలి.

2003లో ఏపీఎంఐపీ, అంటే ప్రభుత్వ సూక్ష్మ సేద్యం పథకం, వచ్చాక డ్రిప్‌కి గిరాకీ పెరిగినప్పుడు మా డ్రిప్ షాపులో నేను ఇదే చేశాను. కాగితం మీద బోరుకి రెండించుల నీళ్లని ఉండేది, మా ఫిట్టర్ చేనికి పోయేసరికి ఎండాకాలంలో అది ఒకటిన్నరే. ఆ నీళ్లు వంతులవారీగా సరిపోయేలా చేనుని రెండు భాగాలకి బదులు మూడు చేసి వాల్వులు బిగించే అధికారం అతనికే ఇచ్చాను. ఖర్చు ఒక మొత్తం దాటితేనే నన్ను అడగాలి. నీళ్లని కళ్లారా చూసినవాడు అతనే కదా.

టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లైన్ పక్కన ఒక తాడో బటనో ఉంటుంది. లోపం కనపడితే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు, నొక్కవచ్చు, వెంటనే పెద్దవాళ్లు వచ్చి చూస్తారు, సరి కాకపోతే లైనే ఆగుతుంది. నీ దగ్గర కడిగే తొట్టి దగ్గర నిలబడే ఆడవాళ్లకి ఆ హక్కు ఇవ్వు. కాయ మీద మచ్చ మొదట చూసేది వాళ్లే. కాయ ఎక్కువ వస్తోందని తొందరపెడితే వాళ్లు నోరు మూసుకుంటారు, ఆ మచ్చ రేవు దాటాక కొనేవాడు చూస్తాడు. చెడ్డ వార్త తెచ్చినవాళ్ల మీద మొదటిసారి నువ్వు అరిచావంటే రెండోసారి ఆ వార్త నీదాకా రాదు. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో.

బయటి రాష్ట్రాల బ్యాచ్ పండగకి ఊరికి పోతే పని ఆగిందని కూడా రాశావు. సీజన్ పలచగా ఉన్నప్పుడే ఒక్కొక్కరికి రెండో పని నేర్పించు. తూకం వేసేవాడికి ప్యాకింగ్, కడిగేవాళ్లకి గ్రేడింగ్. నేర్చుకున్నవాళ్లకి కూలి కొంచెం పెంచు.

ఇక కొనేవాళ్ల సంగతి. మన జిల్లా ఒకప్పుడంతా శెనక్కాయే. వాన మొహం చాటేసిన కొద్దీ చీనీ, దానిమ్మ, అరటి వచ్చాయి. నేను చూసినంతలో నిలబడిన రైతులు మొదట ఒక ఎకరంలో వేసి చూసినవాళ్లే. 2020 ఒక్క ఏడాదే తీసుకో. జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకి అరటికాయలతో రైలే పోయింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి లారీలు దొరకలేదు. సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు మొదలైంది. తొమ్మిది నెలల్లో ఇన్ని మలుపులు. నీ సరుకంతా ఒక్క ఎగుమతిదారుడికే ఇస్తున్నావు, అది నాకు నచ్చలేదు. ధర కాస్త తక్కువైనా వారానికి ఒక లోడు ఢిల్లీకో హైదరాబాద్‌కో పంపుతూ ఉండు. అవసరం పడిన రోజున కొత్తగా పరిచయం చేసుకోవాలంటే కుదరదు.

అయితే మారడమంటే రోజుకో మాట చెప్పడమని మనవాళ్లు అనుకోకూడదు. పెట్టె తూకం, రైతుకి డబ్బు ఇస్తానన్న తేదీ, శనివారం కూలి, ఈ మూడూ ఏం జరిగినా కదలవని వాళ్లకి తెలియాలి. అవి గట్టిగా ఉంటేనే మిగతావి ఎన్ని మార్చినా నీ వెంట వస్తారు.

వచ్చే వారం మీ పెద్దమ్మతో తిరుపతికి పోతున్నాం, నువ్వూ రా. రెండు రోజులు ఫోన్ సూపర్‌వైజర్‌కి ఇచ్చేసి రా. తిరిగి పోయాక నువ్వు లేక ఏ ఏ పనులు ఆగాయో ఒక కాగితం మీద రాయించి నాకు పంపు. గోడ మీద ఇంకా ఏం రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దనాయన