పవర్ కైట్ కొత్తగా నేర్చుకోవాలంటే ఏది కొనాలి? తిరుపతిలో ఎక్కడ ఎగరేయొచ్చు?

సంక్రాంతికి మేడ మీద పటాలు ఎగరేసిన అలవాటు తప్ప వేరే అనుభవం లేదు, బరువు 65 కిలోలు, నాలుగు దారాల 3 మీటర్ల పవర్ కైట్ (మనిషిని లాగేంత బలమున్న గాలిపటం) కొనేద్దామనుకుంటున్నాను, ఉండేది తిరుపతిలో అని అడిగారు. నేనూ ఇక్కడే ఎగరేస్తాను కాబట్టి సూటిగా చెప్తాను: అది ఇప్పుడే వద్దు. రెండు దారాల చిన్న ఫాయిల్ కైట్‌తో (పుల్లల్లేని గుడ్డ కైట్) మొదలుపెట్టండి.

కారణం మన ఊరి గాలి. ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలబడి ఉన్నాయి. వాటిని దాటి కిందికి దిగే గాలి సుళ్లు తిరుగుతుంది. అలిపిరి, కపిలతీర్థం వైపు ఖాళీ జాగా చూసి ఆశపడొద్దు. అక్కడ కైట్ కాసేపు తడిగుడ్డలా వేలాడుతుంది, ఉన్నట్టుండి భుజాలు ఊడొచ్చేలా లాగుతుంది. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 12 కిలోమీటర్ల గాలిలో హాయిగా ఆడిన కైటే 24 కిలోమీటర్ల విసురుకు వేరే జంతువైపోతుంది. చిన్నదైతే నాలుగడుగులు ముందుకు వేసి తట్టుకోవచ్చు. పెద్దది మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది.

కొనేటప్పుడు సైజు అంకె దగ్గర చాలామంది పొరపడతారు. రెండు దారాల చిన్న వాటి మీద 1.4, 1.8 అని ఉంటే అది రెక్క పొడవు, మీటర్లలో. నాలుగు దారాల వాటి మీద 3.0 అంటే వైశాల్యం, చదరపు మీటర్లలో. 1.8 మీటర్ల రెక్క ఉన్న కైట్ వైశాల్యం సుమారు ఒక చదరపు మీటరే. అంటే మీరు అనుకుంటున్నది దానికి మూడింతలు. మీ బరువుకు 1.8 లేదా 2 మీటర్ల రెక్క చాలు. ప్రిజమ్ స్నాప్‌షాట్, హెచ్‌క్యూ సింఫనీ ఈ రకానివే. పుల్లలుండవు, సులువుగా చిరగని రిప్‌స్టాప్ గుడ్డతో కుట్టిన అరల్లోకి గాలి దూరి రెక్క బిగుసుకుంటుంది. కింద పడినా విరిగేదేమీ లేదు.

చోటు విషయంలో నా ఓటు తూపిలిపాలెం బీచ్‌కే. వాకాడు మండలం, మన తిరుపతి జిల్లానే. దూరమే, కానీ ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి వచ్చే గాలి ఒకే తీరుగా ఉంటుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే కైట్ ఒడ్డు వైపు ఎగురుతుంది, నీళ్లలో పడే భయం లేదు. ఊళ్లోనే కావాలంటే అనుమతి తీసుకుని, కొండకు దూరంగా, చెట్లూ కరెంటు తీగలూ లేని పెద్ద మైదానం చూసుకోండి. ఎండిన చెరువులు కూడా బాగుంటాయి, కాకపోతే పరిచే ముందు పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఏరేయాలి. ముల్లు గుచ్చుకుంటే గుడ్డకు చిల్లు పడుతుంది. రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కలకు మాత్రం వెళ్లకండి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో వచ్చిన 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియమ్‌లో కూడా విమానం నిర్వచనంలో గాలిపటం ఉంది.

గాలి కొలవడానికి మీటరేమీ అక్కర్లేదు. ఆకులు, సన్నని రెమ్మలు ఆగకుండా కదులుతుంటే ఎగరేయండి. నేల మీద దుమ్ము, కాగితాలు లేస్తుంటే కొత్తవాళ్లు ఆరోజుకు ఆపేయాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు కమ్మి ఒక్కసారిగా చల్లగాలి తగిలిందంటే వెంటనే దించేయండి. ఉరుము వినబడేదాకా ఆగొద్దు.

ఎగరేయడం తేలికే. వీపు గాలికి పెట్టి, దారాలు రెండూ సమానంగా ముందుకు పరవండి. కైట్ వెనక అంచు మీద గుప్పెడు ఇసుక వేస్తే కదలకుండా ఉంటుంది. రెండు చేతులూ కలిపి లాగుతూ వెనక్కి నడిస్తే లేస్తుంది. కుడి చెయ్యి లాగితే కుడికి, ఎడమ లాగితే ఎడమకి. దారాలు రెండు మూడు మెలికలు పడితే కంగారు పడకండి, నున్నటి డైనీమా (గట్టి సింథటిక్) దారం కాబట్టి అప్పుడూ మాట వింటుంది. ముందు నడినెత్తి మీద నిలపడం నేర్చుకోండి, అక్కడ లాగుడు తక్కువ. మీ ఎదురుగా కిందికి వచ్చేకొద్దీ బలం పెరుగుతుంది. దించాలంటే పూర్తిగా ఒక పక్కకు తీసుకెళ్లండి, బలం తగ్గి వాలిపోతుంది. పట్టు తప్పుతోందనిపిస్తే చేతిలో పట్టుకున్న పట్టీలు వదిలేయండి. దారాన్ని వేళ్లకు, మణికట్టుకు చుట్టుకోవడం ఎప్పుడూ చేయకండి. బిగిసిన దారం చర్మం కోసేస్తుంది. అందుకే దారం పొడవుకు మించి ముందున్న జాగాలో పిల్లలు, పశువులు రాకుండా ఒక మనిషిని కాపలా పెట్టుకోండి. మాంజాతో పోటీ అసలే వద్దు, డైనీమా రాపిడి వేడికే కరిగి తెగుతుంది.

చూడకుండానే కైట్‌ను నడినెత్తి మీద నిలపగలిగి, అనుకున్న చోట దించగలిగినప్పుడు నాలుగు దారాలకు మారండి. అప్పుడూ 2 చదరపు మీటర్లతోనే. రెక్క వెనక అంచుకు కట్టిన బ్రేకు దారాలుంటాయి కాబట్టి బోర్లా పడ్డదాన్ని అక్కడి నుంచే లేపొచ్చు. వాడినది కొంటుంటే మణికట్టు పట్టీలు ఉన్నాయో లేదో అడగండి. హ్యాండిళ్లు వదిలేయగానే అవి బ్రేకు దారాలను పట్టి రెక్కను ముడిచేస్తాయి. అవి లేని సెట్టు ఎంత చౌకగా వచ్చినా తీసుకోకండి.