రెండుకీ మూడుకీ మధ్య

తమ్ముడూ,

2018 తెలుగు సినిమాల మీద నువ్వు రాసి పంపిన 'టాప్ టెన్' వ్యాసం చదివాను. ఎంపికలో పెద్దగా వంక పెట్టేదేం లేదు. నీ పదిలో ఎనిమిది సినిమాలు నా లెక్కలోనూ ఉంటాయి. వాక్యం కూడా తడబడకుండా నడిచింది. కానీ చదవడం అయ్యాక నా దగ్గర మిగిలినవి పది పేర్లు మాత్రమే. నువ్వు దేనికి మురిసిపోతావో, ఏది చూస్తే నీకు ఒళ్ళు మండుతుందో ఎక్కడా తెలియలేదు. ఈ రకం వ్యాసానికి అంతకంటే పెద్ద లోపం ఇంకోటి ఉండదు.

మొదటి మూడు చూడు. మహానటి, రంగస్థలం, కేరాఫ్ కంచరపాలెం. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డులు ఇస్తూ పాత సంవత్సరాలకి కూడా ఉత్తమ చిత్రాలు ప్రకటించింది కదా, 2018కి వాళ్ళిచ్చిన వరుస కూడా అచ్చంగా ఇదే. చూసి రాశావని అనడం లేదు. నీ అంతట నీకే ఆ వరుస తోచి ఉండొచ్చు, తోచడంలో తప్పూ లేదు. అయితే కమిటీ వాళ్ళకి పేర్లు ప్రకటించి, వేదిక మీద జ్ఞాపిక చేతిలో పెడితే పని అయిపోతుంది. నీకు ఆ వెసులుబాటు లేదు. ఒకటి, రెండు అని అంకె వేశావంటే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచావని అర్థం. ఆ తూచడం ఎలా జరిగిందో చూద్దామనే నేను చదువుతాను. నువ్వేమో రంగస్థలం పేరా మొత్తంలో మహానటి ఊసే ఎత్తలేదు. పది సినిమాలకి పది విడి సమీక్షలు రాసి, పైన అంకెలు అంటించావు.

నా వరుస వేరు. కంచరపాలెం ఒకటి, రంగస్థలం రెండు, మహానటి మూడు. నువ్వు ఒప్పుకోవాలని చెప్పడం లేదు. ఒక సినిమాని ఇంకో సినిమా కిందికి ఎందుకు దించుతామో, ఆ కారణం ఎలా ఉండాలో చూపించడానికే ఇదంతా.

మహానటిలో కీర్తి సురేష్‌కి జాతీయ అవార్డు ఊరికే రాలేదు. మాయాబజార్ ఘట్టమే తీసుకో. అసలు సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉంటాడు. ఆ వేషంలో ఉన్నవాణ్ణి సావిత్రి నటించింది. ఇప్పుడు ఆ నటిస్తున్న సావిత్రిని కీర్తి నటించాలి. ఇన్ని పొరలున్నా తడబాటు లేకుండా చేసింది ఆ అమ్మాయి. నీ పేరాలో 'కీర్తి సురేష్ జీవించింది' అని మూడు ముక్కల్లో తేల్చేశావు. నేను చెప్పిన ఈ ఒక్క ఘట్టం రాసి ఉంటే ఆ 'జీవించింది' అక్కర్లేకపోయేది.

మరి అంత నచ్చితే మూడో స్థానం ఎందుకంటావు. సమంత చేసిన జర్నలిస్టు పాత్ర వల్ల. సావిత్రి కథ వేడెక్కుతున్న ప్రతిసారీ సినిమా ఆ జర్నలిస్టు దగ్గరకి వెళ్ళి, ఇప్పుడు మనం ఏమనుకోవాలో ఆమె ముఖంలో చూపిస్తుంది. ఆ కళ్ళనీళ్ళు నాకు అవసరం లేదు, నా కళ్ళనీళ్ళు నాకున్నాయి. రెండో కారణం ఇంకొంచెం ఇబ్బందైనది. చివరి భాగం చూస్తూ నేనూ ఏడ్చాను. ఏడిపించింది దర్శకుడు నాగ్ అశ్విన్ తీసిన సినిమానా, 1981 డిసెంబర్‌లో ముగిసిపోయిన ఆ జీవితమా? సావిత్రి గురించి ముందే తెలిసినవాడికి సగం పని ఆ జీవితమే చేసి పెడుతుంది. బయోపిక్‌లను ఇలా విడదీసి చూడకపోతే, ఎవరి బతుకు ఎక్కువ విషాదమైతే వాళ్ళ సినిమాకే ఎక్కువ మార్కులు పడతాయి.

రంగస్థలంలో సుకుమార్‌కి ముందుగా తయారైన జీవితం ఏదీ లేదు. 1980ల నాటి గోదావరి పల్లెను మొత్తం కల్పించుకోవాలి. ఆ ఊళ్ళో చాలా భాగం మన హైదరాబాద్‌లోనే వేసిన సెట్ అని తెలిశాక రెండోసారి చూశాను. అతుకు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను కూడా. దొరకలేదు. కానీ రెండో స్థానానికి కారణం సెట్ కాదు, హీరో చిట్టిబాబు చెవుడు. ఇంజను పెట్టి పొలాలకి నీళ్ళు తోడే కుర్రాడికి సరిగ్గా వినపడదు. మన పెద్ద హీరోల సినిమాల్లో హీరోకి అన్నీ వినపడతాయి, అన్నీ తెలుస్తాయి, విలన్ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా తెలుస్తుంది. ఇక్కడ హీరోకి ఎదుటివాడు ఏమన్నాడో తెలియక అందరి ముందూ నవ్వులపాలవుతాడు. మొదట్లో మనల్ని నవ్వించిన ఆ లోపమే తర్వాత భయపెడుతుంది. ఒకే విషయాన్ని ముందు సరదాకి, తర్వాత బాధకి వాడుకోవడం కథ రాయడం తెలిసినవాళ్ళ పని. సొసైటీ అప్పులు, ముప్పై ఏళ్ళుగా కదలని ప్రెసిడెంటు, ఆ పెత్తనం వెనక నక్కి ఉన్న కులం, ఇవన్నీ స్టార్ సినిమాలో ఇమిడాయి. ఇంటర్వెల్ తర్వాత సాగదీత ఉంది, అది కూడా రాయాలి. దాదాపు మూడు గంటల సినిమాలో సాగదీత లేదని నువ్వు రాస్తే నిన్ను ఎవరూ నమ్మరు.

ఇక కంచరపాలెం. 'అందరూ అక్కడి మనుషులే, నటించినట్టే లేదు' అని రాశావు. ఆ సినిమా గురించి ఈ మాట అనని మనిషి లేడు. వైజాగ్‌లోని ఆ పేటకి వెళ్ళి, అక్కడివాళ్ళతోనే వేషాలు వేయించడం వెంకటేష్ మహా చేసిన మంచి పని, నిజమే. అదొక్కటే గొప్పదనం అయితే పెళ్ళి వీడియోలన్నీ గొప్ప సినిమాలే కావాలి. నాకు పట్టుకున్నది వేరు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళికాని అటెండరు రాజుకి, ఆఫీసులో తనకంటే పైనున్న రాధ మీద మనసవుతుంది. వైన్ షాపులో పనిచేసే, అందరూ 'గడ్డం' అని పిలిచే అతనికి, ముసుగేసుకుని సీసా కొనడానికొచ్చే సలీమా కళ్ళు తప్ప ఇంకేం కనిపించవు. వీళ్ళకి సిగ్గుపడటానికి, తటపటాయించడానికి, మాట మింగేయడానికి దర్శకుడు సమయం ఇచ్చాడు. తెలుగు సినిమాలో డబ్బులేని వాళ్ళకి కష్టాలు దండిగా ఇస్తారు, సిగ్గుపడేంత తీరిక మాత్రం ఇవ్వరు. రంగస్థలంలో కూడా పేదవాడు కోపంగానో దుఃఖంగానో ఉంటేనే కెమెరా అతని దగ్గర ఆగుతుంది. అందుకే నాకు కంచరపాలెం ఒక మెట్టు పైన. సినిమాలోని నాలుగు ప్రేమకథల్లో జోసెఫ్, భార్గవిల కథ మిగతా మూడింటి కంటే పలచన. అయినా నా వరుస మారదు. ఆ నాలుగు కథలూ ఎక్కడికి చేరతాయో మాత్రం నేను రాయలేదు చూడు. నువ్వు రాసేశావు. ఆ వాక్యం కొట్టెయ్, ఇంకా చూడనివాళ్ళు ఉంటారు.

ఇలాంటి కారణాలు ఇంత పొడుగ్గా ఉండాలనేం లేదు, ఒక్క వాక్యంలో కూడా చెప్పొచ్చు. గూఢచారినీ చి.ల.సౌనీ తీసుకో. రెండూ 2018 ఆగస్టు 3నే హాళ్ళకొచ్చాయి. నువ్వు ఒకదాన్ని ఐదో స్థానంలో, రెండోదాన్ని తొమ్మిదిలో పెట్టావు. మధ్యలో మూడు సినిమాలంత దూరం ఎందుకొచ్చింది? గూఢచారికి నువ్విచ్చిన కారణం 'కథ, కథనం, నేపథ్య సంగీతం చక్కగా కుదిరాయి.' ఆ వాక్యం ఎత్తి తొలిప్రేమ కింద పెట్టు, ఎవరికీ తేడా తెలియదు. అరవింద సమేత కింద పెట్టినా సరిపోతుంది. ఎక్కడికైనా సర్దుకునే వాక్యం ఏ సినిమా గురించీ చెప్పనట్టే, అలాంటివన్నీ తీసెయ్. నేనైతే చి.ల.సౌని పైకి జరుపుతాను. గూఢచారి తక్కువ వనరులతో పెద్ద స్పై సినిమాలకి దీటుగా నిలబడింది. చి.ల.సౌ దీటుగా నిలబడాలని అనుకోలేదు. పెళ్ళిచూపులకి వచ్చిన అమ్మాయి, ఆ ఇంటి అబ్బాయి చాలావరకు ఒకే రాత్రిలో మాట్లాడుకుంటారు. ఆ మాటల మధ్యలో అమ్మాయి తల్లి మానసిక అనారోగ్యం, ఇంటి బరువు మెల్లగా బయటికొస్తాయి. రాహుల్ రవీంద్రన్‌కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు వచ్చింది ఈ సినిమాకే.

'ఈ నగరానికి ఏమైంది' సినిమా నీకు నాలుగు. దీని దగ్గర నిన్ను కొంచెం నిలదీయాలి. 2018లో నువ్వు స్కూల్లో ఉన్నావు. నువ్వు చూసింది 2023 జూన్‌లో రీ-రిలీజ్ అయినప్పుడు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో, స్నేహితులతో. హాలంతా ప్రతి డైలాగూ తెర కంటే ముందే అరిచిందని నువ్వే చెప్పావు. అలా చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు అంత హడావుడి లేదు. అప్పుడు నేను సగం ఖాళీ హాల్లో చూశాను, నాకు అదేమీ లోటనిపించలేదు. అందులో వివేక్ పాత్ర మౌనంగా ఉన్న సీన్లు ఆ ఖాళీలోనే నాకు బాగా ఎక్కాయి. నీకేమో అందులో నవ్వించే కౌశిక్ ఒక్కడే గుర్తున్నాడు. ఇంట్లో ఒంటరిగా ఇంకోసారి చూసి, అప్పుడూ నాలుగే అనిపిస్తే ఉంచు. హాలు సంగతి దాచకుండా రాయి కూడా, పాఠకుడు నీ కళ్ళతో చూడాలంటే నువ్వు ఎక్కడ కూర్చుని చూశావో అతనికి తెలియాలి. రంగస్థలం ఫోన్‌లో చూశానన్నావు. రత్నవేలు కెమెరా పనితనం మీద నువ్వు రాసిన నాలుగు వాక్యాలకీ ఆ ఫోనే అడ్డం. పెద్ద తెర మీద చూసే వీలు దొరికేదాకా వాటిని పక్కన పెట్టు.

ఏ సినిమా ఏ ఏడాదికి చెందుతుందో ముందే ఒక నియమం పెట్టుకో. జాతీయ అవార్డులకి సెన్సార్ సర్టిఫికెట్ తేదీ లెక్క. మనకి హాల్లోకొచ్చిన తేదీ చాలు. డబ్బింగ్ సినిమాల సంగతి తేల్చు. ఆ డిసెంబర్ 21నే అంతరిక్షం, పడి పడి లేచె మనసు వచ్చాయి, కన్నడం నుంచి కేజీఎఫ్ కూడా వచ్చింది. దాన్ని కలుపుతావా, లేదా? ఏదైనా సరే, పైన ఒక్క వాక్యం రాసెయ్. లేకపోతే ఆ మూడు అక్షరాల గురించే అందరూ నిన్ను అడుగుతారు.

కలెక్షన్ల లెక్కలు తీసెయ్. ఫిల్మ్ నగర్‌లో, కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర చెవినపడ్డ కబుర్లు కూడా. షూటింగ్‌లో ఎవరు ఎవరిమీద అలిగారన్నది తెర మీద కనిపించకపోతే నీ వ్యాసంలో దానికి చోటు లేదు.

వదిలేసిన వాటి గురించి ధైర్యంగా రాయి. గీత గోవిందం, భరత్ అనే నేను ఆ ఏడాది ఎంత ఆడాయో అందరికీ తెలుసు. నీ పదిలో లేవు, నా పదిలోనూ లేవు. నువ్వు మాత్రం వాటి పేరెత్తకుండా జారుకున్నావు. ఎవరి అభిమానులు తిడతారోనన్న టెన్షన్ వాక్యాల్లో తెలిసిపోతుంది. భరత్ అనే నేనులో కుర్ర ముఖ్యమంత్రి పాలన చేస్తున్నంతసేపూ నాకు ఆసక్తిగానే ఉంది. ఫైట్లు మొదలయ్యాక అతను మళ్ళీ మామూలు హీరో అయిపోయాడు. బయట పెట్టడానికి నాకు ఆ కారణం చాలు.

అసలు నీకు కనపడని సినిమా ఒకటుంది. దర్శకుడు వేణు ఊడుగుల మొదటి సినిమా 'నీది నాది ఒకే కథ'. మార్చి 23న వచ్చింది. వారం తిరిగేసరికి రంగస్థలం వచ్చి హాళ్ళన్నీ ఊడ్చుకుపోయింది. టీచరు కొడుకై ఉండి పరీక్షలు తప్పే కుర్రాడు, వాణ్ణి చూసి నలుగురిలో తలదించుకునే తండ్రి. అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నడిచి వెళ్ళేవాళ్ళలో ఎంతమంది ఆ ఇంటినుంచి వచ్చినవాళ్ళో! శ్రీవిష్ణు ఆ కుర్రాణ్ణి జాలిపడేలా చేయలేదు, చిరాకు పుట్టేలా చేశాడు. అదే నాకు నచ్చింది. నాలుగో స్థానం నేను దానికిస్తాను. చూడు, చూశాక దానికి చోటివ్వాలనిపిస్తే దేన్ని బయటికి పంపుతావో అప్పుడు రాయి. నీ వ్యాసంలో అన్నిటికంటే బాగా వచ్చే పేరా అదే అవుతుందేమో.

చివరిగా, తొలిప్రేమ ఎనిమిదిలో, సమ్మోహనం పదిలో ఎందుకున్నాయో నాకు అంతుపట్టలేదు. రెండూ ప్రేమకథలే. తొలిప్రేమలో విడిపోవడానికి కారణం కావాలి కాబట్టి గొడవ పెట్టుకుంటారు. సమ్మోహనంలో కారణం వాళ్ళ బతుకుల్లోనే ఉంది. పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీసే అబ్బాయి, తెలుగు పలకడం రాని హీరోయిన్. సినిమా పిచ్చితో తన ఇంటినే షూటింగ్‌కి ఇచ్చేసి, అందులో ఒక వేషం కోసం తహతహలాడే తండ్రిగా నరేష్‌ని చూశాక కూడా నువ్వు దాన్ని పదిలో పెట్టావంటే నీ దగ్గర బలమైన కారణమే ఉండాలి. దీనిమీద నీతో పోట్లాడటానికి నేను సిద్ధం. తిరగరాసి పంపేటప్పుడు ముందు ఆ పేరా పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య
హైదరాబాద్