పేపరు యాక్సెప్ట్ అయింది, ఓపెన్ యాక్సెస్‌కి లక్షన్నర అడుగుతున్నారు. వేరే దారి ఉందా?

మీ పేపరు రివ్యూ దాటిందనీ, ఓపెన్ యాక్సెస్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, రావాలంటే లక్షన్నర కట్టమన్నారనీ రాశారు. డైమండ్, సబ్‌స్క్రైబ్ టు ఓపెన్ అంటూ కొత్తగా వినిపిస్తున్న పద్ధతులు మనలాంటి వాళ్లకి పనికొస్తాయా అని కూడా అడిగారు. పనికొస్తాయి, అన్నీ కాదు. ఈలోగా మాత్రం అప్పు చేసి ఆ డబ్బు కట్టొద్దు.

2017లో నాకూ ఇలాంటి మెయిలే వచ్చింది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చె, శీలావతి చేపలకి పట్టే పరాన్నజీవుల మీద నా పీహెచ్‌డీ. రాత్రి పదకొండింటికి యాక్సెప్టెన్స్ మెయిల్ చూసి అమ్మని నిద్ర లేపి మరీ చెప్పాను. పొద్దున మళ్లీ చదివితే రెండో పేరాలో 1,800 డాలర్లు అని ఉంది. డాలరు 65 రూపాయలున్న రోజులు, అంటే లక్షా పదిహేడు వేలు. నా ఫెలోషిప్ నెలకి 25,000, అదీ ఐదు నెలలుగా పడలేదు. ఫీజు మాఫీ చేయమని రాస్తే మీ దేశం మా జాబితాలో లేదన్నారు. అదృష్టం కొద్దీ అది హైబ్రిడ్ జర్నల్. అంటే చందాలతోనే నడుస్తుంది, డబ్బు కట్టినవాళ్ల పేపరు మాత్రం అందరికీ తెరిచి పెడుతుంది. "మామూలుగానే వెయ్యమ్మా, పేపరు ఎక్కడికీ పోదు" అన్నారు మా గైడ్ మేడమ్. పైసా కట్టకుండానే వచ్చింది.

కానీ ఆ మరుసటేడు కైకలూరు నుంచి ఒక ఫోన్ వచ్చింది. నేను శాంపిల్స్ తీసుకునేటప్పుడు వల వేయించి, మంచుపెట్టెలు మోసిన చెరువు టెక్నీషియన్. "మేడమ్, మళ్లీ పేను పట్టింది. ఏ నెలల్లో ఎక్కువ ఉంటుందో మీరు రాశారు కదా, ఆ కాగితం పంపండి" అన్నాడు. లింకు పంపాను. పది నిమిషాల్లో స్క్రీన్‌షాట్ తిరిగొచ్చింది, 39 డాలర్లు కట్టమని. మా యూనివర్సిటీకీ ఆ జర్నల్ చందా లేదు, కాబట్టి నేను రాసింది నేనే తెరవలేకపోయాను. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ దాచుకున్నాను. ఎవరి చెరువుల్లోంచి ఆ చేపలు తీశానో వాళ్లకే ఆ ఫలితం చేరలేదంటే ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అప్పుడు కూర్చుని, చదవకుండా సంతకం పెట్టిన కాపీరైట్ ఫారం చదివాను. ఏడో క్లాజులో ఉంది: రివ్యూ సవరణలన్నీ అయ్యాక నేను పంపిన ఆఖరి వర్డ్ ఫైలు 12 నెలల తర్వాత రిపాజిటరీలో, అంటే పరిశోధనా పత్రాలు అందరూ చదివేలా దాచే ఆన్‌లైన్ నిల్వలో, పెట్టుకోవచ్చట. జర్నల్ వాళ్లు పేజీలు కట్టి ఇచ్చిన పీడీఎఫ్ మాత్రం పెట్టకూడదు. దీన్నే గ్రీన్ ఓపెన్ యాక్సెస్ అంటారు. కొత్తదేమీ కాదు, ఫిజిక్స్ వాళ్లు 1991 నుంచీ ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ నిల్వలో ఇలాంటి పనే చేస్తున్నారు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ కూడా తన పరిశోధనా పత్రాలకి ఓపెన్ రిపాజిటరీ నడుపుతోంది. గడువు దాటిన రోజే ఫైలు పెట్టి, కైకలూరుకి ఫోన్ చేశాను.

ఇక కొత్త పద్ధతుల సంగతి. రచయిత ఫీజు కట్టే పద్ధతిలో పాఠకుడి దగ్గరున్న బిల్లు రచయిత ముందుకొచ్చింది, అంతే. 2021లో నేచర్ పత్రిక ఒక్కో పేపరుకి పెట్టిన రుసుము 9,500 యూరోలు. ఇలా ఎంతకాలం కడతామని నిధులిచ్చేవాళ్లే వెనక్కి తగ్గుతున్నారు. గేట్స్ ఫౌండేషన్ 2025 నుంచి ఈ ఫీజులకి డబ్బివ్వడం మానేసి, ప్రీప్రింట్, అంటే రివ్యూకి ముందున్న ప్రతి, నెట్‌లో పెట్టమంటోంది.

నాకు అన్నిటికంటే నమ్మకం కుదిరింది డైమండ్ మీద. చదివేవాళ్లూ కట్టరు, రాసేవాళ్లూ కట్టరు. ఖర్చు ఏ విద్యాసంస్థో, సొసైటీయో, ప్రభుత్వమో భరిస్తుంది. బ్రెజిల్‌లో 1998లో మొదలైన సైలో (SciELO) అనే వేదిక ఇలాగే లాటిన్ అమెరికా దేశాల జర్నళ్లని ఒకచోట చేర్చి ఉచితంగా చదివిస్తోంది. మన దగ్గరే బెంగళూరు నుంచి వచ్చే కరెంట్ సైన్స్ పత్రికని ఎవరైనా నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

నాలుగేళ్లుగా నేనూ అలాంటి ఒక చిన్న జర్నల్‌కి పనిచేస్తున్నాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను. ఉచితం అంటే ఖర్చు లేదని కాదు. సాఫ్ట్‌వేర్ ఓపెన్ జర్నల్ సిస్టమ్స్, దానికి డబ్బు అక్కర్లేదు. సర్వర్ అద్దె, డీఓఐ (ప్రతి పేపరుకీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రుసుము కలిపినా పెద్ద మొత్తం కాదు. ఖరీదైనది మనుషుల సమయం. ఒక పేపరుకి ఇద్దరు రివ్యూయర్లు దొరకాలంటే ఎనిమిది తొమ్మిది మందికి రాస్తాను. సగంమంది జవాబే ఇవ్వరు. రిఫరెన్సుల్లో కామాలు, ఇటాలిక్స్ సరిచేయడం కాలేజీ నుంచి వచ్చి, పిల్లాడికి అన్నం పెట్టాక, రాత్రి పదింటి నుంచి. కిందటి వేసవిలో మా సాంకేతిక పని చూసే మాస్టారుకి బదిలీ అయితే రెండు నెలలు సంచిక ఆగిపోయింది. అందుకే మీరు డైమండ్ జర్నల్ ఎంచుకుంటే గత రెండేళ్ల సంచికలు వేళకి వచ్చాయో లేదో చూడండి. ఆలస్యమైతే కోప్పడకండి. వీలైతే రివ్యూకి ఒప్పుకోండి, మాకు నిజంగా కావలసింది అదే.

సబ్‌స్క్రైబ్ టు ఓపెన్‌లో లైబ్రరీలు ఎప్పటిలాగే చందా కడతాయి. అనుకున్నంత వస్తే ఆ ఏడాది సంపుటం అందరికీ తెరుస్తారు, రాకపోతే తాళం అలాగే ఉంటుంది. యాన్యువల్ రివ్యూస్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు 2023లో తమ జర్నళ్లన్నిటినీ ఇందులోకి తెచ్చారు. కానీ వాళ్లు ఆహ్వానించి రాయించుకుంటారు, మనకి చదవడానికే. గణితం వాళ్లకైతే ఈడీపీ సైన్సెస్ అనే ప్రచురణ సంస్థ గణిత జర్నళ్లు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. ఇంకో కొత్త పద్ధతి జీవశాస్త్ర జర్నల్ ఈలైఫ్‌ది: 2023 నుంచి రివ్యూకి పంపిన పేపర్లని తిరస్కరించడం మానేసి, సమీక్షలతో సహా బయట పెడుతోంది. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది, అయితే అక్కడా ఫీజుంది. పైగా దీనివల్లే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తున్నారో చూపే అంకె) పోగొట్టుకుంది. ఉద్యోగం ఇంకా రాని మీకు అది సలహా ఇవ్వలేను.

మన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌ని, అంటే ప్రభుత్వ విద్యాసంస్థల తరఫున కేంద్రమే జర్నళ్లకి చందా కట్టే పథకాన్ని, దీంతో కలపకండి. 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ కాలేజీలో ఉన్న నాకు గొప్ప మేలు జరిగింది, ఒకప్పుడు తెరుచుకోనివి ఇప్పుడు తెరుచుకుంటున్నాయి. అయినా అది చందానే. కైకలూరు చెరువు గట్టు మీదున్న మనిషికి అందులో లాగిన్ లేదు.

మీ విషయానికొస్తే, జర్నల్ హైబ్రిడ్‌దో కాదో ముందు చూడండి. హైబ్రిడ్ అయితే చందా దారి ఎంచుకుని, గ్రీన్ గడువు ఎంతో ఫారంలో చదివి సంతకం పెట్టండి. పూర్తిగా ఫీజు మీదే నడిచేదైతే, ఇన్వాయిస్ ఒప్పుకోకముందే ఎడిటర్‌కి మీ పరిస్థితి ఉన్నదున్నట్టు రాసి మాఫీ అడగండి. కుదరకపోతే పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ పెట్టి, వాళ్లు సరే అన్నాకే ఇంకో చోటికి పంపండి, ఒకేసారి రెండు చోట్ల ఉండకూడదు. ఆ ఇంకో చోటు కోసం డీఓఏజేలో, అంటే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల ఆన్‌లైన్ జాబితాలో, రుసుము లేని జర్నళ్లని వేరుగా వెతుక్కోవచ్చు. మూడు రోజుల్లో వేసేస్తాం, అయిదు వేలు చాలు అని వాట్సాప్‌లో వచ్చేవాటి జోలికి మాత్రం పోవద్దు, మా బ్యాచ్‌లో ఇద్దరు అలా వేసి ఇంటర్వ్యూలో ఆ పేపర్లు చెల్లవనిపించుకున్నారు.

రివ్యూ తర్వాత పంపిన ఆ ఆఖరి వర్డ్ ఫైలు మీ సెంట్ మెయిల్లోనే ఉంటుంది. ఇవాళే వెతికి, తేదీ వేసి విడిగా దాచండి. నాది దొరకడానికి పాత ల్యాప్‌టాప్ రిపేరు చేయించాల్సి వచ్చింది.